పడమటి గోడ, మూడో కంబం

2 మార్చి 2004

పడమటి గది తలుపు పట్టడం లేదు. తేమకు ఉబ్బింది, ఎండలు రాగానే సర్దుకుంటుంది అని మూడేళ్లుగా అనుకుంటున్నాను. తలుపు బాగానే ఉంది. దాని చుట్టూ ఉన్న ఇల్లే ఒరిగింది.

కౌన్సిల్ నుంచి పాత కట్టడాల అధికారి పిల్‌గ్రిమ్ వచ్చాడు. నేను పిలవలేదు. ఊరి చరిత్ర సంఘం కార్యదర్శి మిసెస్ థర్కెటిల్ పిలిచింది. రోడ్డు మీద నుంచి చూస్తే మా గోడకు పొట్ట వచ్చినట్టు కనబడుతోందట. మా ఇంటి దూలాలు పాత ఓడల్లోంచి పీకి తెచ్చినవని ఇరవై ఏళ్లుగా ఊరంతా చెప్పుకు తిరుగుతున్న మనిషి ఆవిడ. సముద్రం ఇక్కడికి ముప్పై మైళ్లు. చుట్టూ ఓక్ అడవి పెట్టుకుని ఓడను ముప్పై మైళ్లు ఎవడు ఈడ్చుకొస్తాడని ఒకసారి సభలో అడిగాను. అప్పటినుంచి ఆవిడ దగ్గర్నుంచి క్రిస్మస్ కార్డు రావడం మానేసింది. ఆ మేరకు నాకు లాభమే.

పిల్‌గ్రిమ్ తడి గడ్డిలో బోర్లా పడుకుని, జేబుకత్తి తీసి, గోడ అడుగున ఉన్న దూలంలోకి గుచ్చాడు. కత్తి పిడి దాకా దిగింది.

"ఇది కలప కాదండీ మిస్టర్ కెరిడ్జ్. నశ్యం."

"ఐదువందల ఏళ్లు నిలబడింది," అన్నాను.

"నాలుగువందల అరవై ఏళ్లు నిలబడింది. మిగతా నలభై ఏళ్లలో కుళ్లింది. పైన ఆ సిమెంటు పూత చూశారా? గోడకి రెయిన్‌కోటు తొడిగినట్టు ఉంది. లోపలి తడి బయటికి పోలేక కిందికి దిగి, అంతా ఈ అడుగుదూలంలో చేరింది. సున్నం అయితే పీల్చుకుని వదిలేసేది. ఎవరి పని ఇది?"

"లెన్ బోరెట్ అని, ఇక్కడి మేస్త్రి," అన్నాను.

రాసుకున్నాడు. చలికాలం వచ్చేలోపు అడుగుదూలం మార్చకపోతే పడమటి గోడ కూర్చుండిపోతుందనీ, దాని వెనకే కప్పు వస్తుందనీ చెప్పాడు. ఇలాంటి పని పాత పద్ధతిలో చేయగలిగినవాళ్లు ఈ చుట్టుపక్కల ఒక్కరే ఉన్నారట. థర్జా బోరెట్.

"ఆ మేస్త్రి కూతురే అనుకుంటానండీ," అని నవ్వాడు.

నా భార్య హెస్టర్ పోయాక ఆమె పుట్టింటి బోరెట్లలో ఒక్కరూ ఈ గడప తొక్కలేదు. ముప్పై తొమ్మిదేళ్లు.

4 మార్చి

దూరపు ఊళ్ల వడ్రంగులు నలుగురికి ఉత్తరాలు రాశాను.

13 మార్చి

వాన. బయటికి పోలేదు. అటక మీదికెక్కి కప్పు కింద కూర్చున్నాను. డెబ్బై ఏడేళ్లవాడు నిచ్చెన ఎక్కకూడదని డాక్టరు అన్నాడు. ఆ డాక్టరు నాకంటే ముందే పోతాడని నా నమ్మకం.

ఈ ఇంట్లో నాకు మొదటినుంచీ ఇష్టమైన చోటు ఇదే. వాసాలన్నీ మసితో నల్లగా ఉంటాయి. ఇల్లు కట్టిన కొత్తలో పొయ్యిగొట్టం లేదు. నట్టింట్లో నేల మీద మంట. పొగ పైకి లేచి, గడ్డికప్పు సందుల్లోంచి దారి వెతుక్కుని పోయేది. వందేళ్లు అలా గడిచాక ఇటుకల పొయ్యిగొట్టం కట్టారు, అటక వేశారు. మసి మాత్రం ఉండిపోయింది. వేలు పెడితే ఇప్పటికీ అంటుతుంది. ఐదువందల ఏళ్ల కిందట ఎవరో వండుకున్న కూడు నా వేలికి అంటుకుందని పిల్లలకు చెప్పేవాణ్ణి. బడిలో ముప్పై నాలుగేళ్లు చెప్పాను. ఒక్కడికీ పట్టలేదు.

కొయ్యల మీద అంకెలుంటాయి. చట్రమంతా ముందు పనిచోట నేలమీద పరిచి, ప్రతి అతుకుకూ రెండు వైపులా ఒకే రోమన్ అంకె చిన్న ఉలితో గీసేవాళ్లు. తరవాత ఊడదీసి, బండ్ల మీద తెచ్చి, ఇక్కడ అంకెకు అంకె కలిపి నిలబెట్టేవాళ్లు. మేకు ఒక్కటీ లేదు. అన్నీ ఓక్ చీలలే. పచ్చి కలపతో కట్టేవాళ్లు. ఆరేకొద్దీ కొయ్య మెలి తిరుగుతుంది, అతుకు ఇంకా బిగుస్తుంది.

ఒక్క చోట తప్పుంది. ఏడో అంకె ఉండవలసిన చోట నాలుగో అంకె వంపుకొయ్య బిగించాడు. బిగించాడంటే చాలదు, అతుకులో దూరే నాలుక చెక్కి, సన్నం చేసి, ఇరికించాడు. ఇల్లు లేపే రోజున నలభై మంది తాళ్లు పట్టుకుని చూస్తుండగా జరిగి ఉండాలి. పన్నెండేళ్లప్పుడు ఆ తప్పు కనిపెట్టింది నేను. నేనూ లెన్ కలిసి. అది పుస్తకంలో రాయలేదు.

పుస్తకం అంటే చర్చి గుమ్మంలో బల్ల మీద పెడతారే, 'హాబెట్స్ ఇల్లు', ముప్పై రెండు పేజీలు. రెండుసార్లు అచ్చయింది. సెప్టెంబరులో జనానికి ఇల్లు తెరిచి చూపించే రోజులకు మూడోసారి వేయమని పిల్‌గ్రిమ్ అడుగుతున్నాడు. వేస్తాను. అందులో మార్చవలసినది ఏమీ లేదు.

28 మార్చి

జవాబులు. ఒకడికి తీరిక లేదట. ఒకడు గోడంతా పీకేసి ఇనుప చట్రం నిలబెడతాడట. ఒకరి భార్య రాసింది, ఆయన నిరుడు నవంబరులో పోయారని. నాలుగోవాడు ఒక్క వాక్యం రాశాడు: "మీ పక్కనే థర్జా బోరెట్ ఉండగా నన్నెందుకు అడుగుతున్నారు?"

6 ఏప్రిల్

వచ్చింది.

థర్జా వ్యానులోంచి దిగి నేరుగా గోడ దగ్గరకు పోయింది. సుత్తి పిడితో ఒక్కో కంబాన్నీ తడుతూ, చెవి పెట్టి వింటూ, ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. నలభై మూడేళ్లు. మొహం వాళ్ల నాన్నది. నడక హెస్టర్‌ది. అలా ఉంటుందని నేను అనుకోలేదు. టీ పెట్టే మిషతో లోపలికి పోయాను.

మూడేళ్ల పిల్లప్పుడు మామయ్యా అని నా మోకాళ్లు పట్టుకుని వేలాడేది. బడిలో చేరేనాటికి నేను మాస్టారునైపోయాను.

"మాస్టారూ, ఇరవై ఎనిమిది అడుగుల అడుగుదూలంలో పంతొమ్మిది అడుగులు పోయింది," అంది. "కంబాలకి కింద మూరెడు మూరెడు అతుకులు వెయ్యాలి. పైభాగం గట్టిగానే ఉంది. ముందు ఆ సిమెంటు కొట్టెయ్యాలి."

"చెయ్యగలవా?"

"చెయ్యలేకపోతే వస్తానా?"

"మీ నాన్నకు తెలుసా?"

"తెలుసు."

"ఏమన్నాడు?"

"ముందు జాకీలు పెట్టు, తరవాత నోరు తెరువు అన్నాడు."

టీ తాగి, కప్పు కడిగి బోర్లించింది. వ్యాను ఎక్కుతూ ఆగింది.

"మీ పుస్తకం చదివాను మాస్టారూ. పదకొండో పేజీ నాకు కంఠతా వచ్చు. చెప్పమంటారా?"

నేను అక్కర్లేదన్నాను. నాకూ వచ్చు. "1963లో లెన్ బోరెట్ అనే స్థానిక మేస్త్రి, ఇంటివారి కోరికకు విరుద్ధంగా, పడమటి గోడను సిమెంటుతో పూడ్చి, తన అజ్ఞానాన్ని ఈ ఇంటి ఒంటి మీద శాశ్వతంగా వదిలి వెళ్లాడు." రాసినప్పుడు నాలుగు రోజులు పట్టింది. మంచి వాక్యం.

ఆ వాక్యం తరవాత ఏ పాత ఇంటివాళ్లూ లెన్‌ను పనికి పిలవలేదంటారు. పందుల కొట్టాలూ, కౌన్సిల్ ఇళ్ల తలుపులూ చేసుకుంటూ బతికాడంటారు. ముప్పై రెండు పేజీల పుస్తకానికి అంత బలముంటే, తక్కిన ముప్పై ఒక్క పేజీలు ఈ ఊళ్లో ఒక్కడైనా చదివి ఉండాలి కదా.

26 ఏప్రిల్

జాకీలు పెట్టారు. ఇల్లు అర అంగుళం లేచింది. మూలిగింది.

11 మే

సిమెంటు కొట్టారు. పలకలు పలకలుగా ఊడింది. కింద తడి బొరియ వాసన. అడుగుదూలం పారతో ఎత్తి చక్రాల బండిలో పోశారు. దానిలో పుట్టిన ఓక్ పురుగులు ఎన్ని తరాలవో. పాత మట్టిగోడ మాత్రం ఆశ్చర్యంగా చాలావరకు అలాగే ఉంది. తడికె అల్లి, మట్టీ పేడా గడ్డీ కలిపి మెత్తిన గోడ. మెత్తినవాడి వేళ్లు అందులో ఇంకా ఉన్నాయి.

మూడో కంబం మీద, భుజమెత్తున, ఏవో గీతలున్నాయి. పాత అంకె అయి ఉంటుంది. నా దగ్గర కళ్లజోడు లేదు.

12 మే

కళ్లజోడు ఎక్కడ పెట్టానో దొరకలేదు.

13 మే

దొరికింది.

అంకె కాదు. అదే రకం చిన్న ఉలితో, నిటారైన అక్షరాలు, మొదట్లోనే నా పేరు.

"19 సెప్టెంబరు 1963. ఆంబ్రోస్ మాట మీద సిమెంటు. సున్నం వెయ్యమని మూడుసార్లు చెప్పాను. హెస్టర్ కూడా చెప్పింది. లె. బోరెట్."

14 మే

ఎవరైనా గీయవచ్చు. తరవాతెప్పుడో వచ్చి గీసి ఉండవచ్చు.

సిమెంటు వెనక్కి దూరి ఎవడు గీస్తాడు?

15 మే

థర్జాతో అన్నాను, మూడో కంబం కూడా మెత్తగా కనబడుతోంది, పూర్తిగా మార్చెయ్యమని.

సుత్తి పిడితో తట్టింది. గంటలా మోగింది.

"బంగారంలా ఉంది మాస్టారూ. కింద మూరెడు అతికితే ఇంకో మూడువందల ఏళ్లు ఉంటుంది."

"ఇల్లు నాది. నేను మార్చమంటున్నాను."

"బాగున్న కలప తీసెయ్యడం మా ఇంట్లో లేదు." అంటూనే సుత్తి నడుముకు దోపుకుంది. "దానికి గోనె కప్పాను, వాన పడకుండా. మీరు మళ్లీ మళ్లీ తీసి చూడకండి, జారిపోతోంది."

చదివింది. మొదటి రోజే చదివి ఉంటుంది.

పనివాళ్లు భోజనానికి పోయినప్పుడు చిత్రిక చేతిలోకి తీసుకున్నాను. నాలుగు తోపులు చాలు. గోనె ఎత్తాను. హెస్టర్ పేరులో మొదటి అక్షరం కొంచెం లోతుగా పడింది. అక్కడ ఉలి తడబడ్డట్టుంది. చిత్రిక తిరిగి బల్ల మీద పెట్టేశాను.

3 జూన్

రాయవలసింది రాసి పడేస్తాను. ఇది ఎవరూ చదవరు.

అరవై రెండు డిసెంబరులో పడిన మంచు అరవై మూడు మార్చి దాకా కరగలేదు. హెస్టర్‌కు ఊపిరితిత్తులు మొదటినుంచీ బలహీనం. పడమటి గది ఆమె గది. సాయంత్రం ఎండ వస్తుందని అదే కావాలంది. ఆ చలికాలం గోడ సందుల్లోంచి గాలి దూసుకొచ్చి తెర ఊగేది. నేను ఆ వేసవి అంతా చదివాను. కొత్త ఇళ్ల మీద పుస్తకాలు, పత్రికల్లో వ్యాసాలు, సిమెంటు వాళ్లు ఊరికే పంపే చిన్న పుస్తకాలు. నీరు చొరనిది, గాలి చొరనిది, ఒక్కసారి వేస్తే చాలు. బొమ్మలు కూడా ఉన్నాయి. అన్నీ గీతలు గీసుకుని చదివాను.

లెన్ అన్నాడు, "బావా, ఈ ఇల్లు ఊపిరి తీస్తుంది. ముక్కు మూయకు." అతని దగ్గర వేరే కారణమేమీ లేదు. వాళ్ల నాన్న అలా చెప్పాడు, అంతే. నేను పేజీ తెరిచి చూపించాను.

హెస్టర్ మంచం మీద నుంచి అంది, "తమ్ముడికి తెలుసు, ఆంబ్రోస్. వాణ్ణి చెయ్యనియ్యి."

"మీ తమ్ముడు పుస్తకం ముట్టుకున్నది ఎప్పుడు?" అన్నాను.

హెస్టర్ నవ్వింది. లెన్ నవ్వలేదు. రేపే సిమెంటు కలుపు, లేకపోతే వేరే వాణ్ణి పిలుస్తానన్నాను. అక్క గది వేరే వాడి చేతిలో పెట్టలేక కలిపాడు.

మొదటి చలికాలం గాలి ఆగింది. నేనెంత సంతోషించానో. రెండో చలికాలం గోడ లోపలివైపు చెమర్చింది. మంచం జరిపాము. దిండు వెనక బూజు. అరవై ఐదు ఫిబ్రవరి.

హెస్టర్‌ను పాతిపెట్టాక చర్చి గేటు దగ్గర అందరూ నిలబడి ఉండగా లెన్‌తో అన్నాను, నీ గోడే చంపింది అని. అతను జవాబు చెప్పలేదు. జవాబు చెప్పనివాడే తప్పు చేసినవాడని అప్పుడు అనుకున్నాను. పదేళ్ల తరవాత పుస్తకం రాసేనాటికి, ఆ మాట నేను అనుకున్నదో జరిగిందో నాకే తేడా తెలియలేదు.

తెలుసు.

4 జూన్

రాత్రి రాసిన పేజీలు చింపేద్దామనుకున్నాను. వెనక వైపు వడ్రంగి అంకెల బొమ్మ గీసుకుని ఉన్నాను. అందుకని ఉంచాను.

24 జూలై

కొత్త అడుగుదూలం వచ్చింది. పచ్చి ఓక్, ఇంకా పుల్లటి వాసన. దానితోపాటు వ్యానులో లెన్ వచ్చాడు.

పని ఇనస్పెక్షనట. ముక్కుకు గొట్టం, పక్కన చిన్న ఆక్సిజన్ సీసా. థర్జా వంటింటి కుర్చీ గడ్డిలో వేసి కూర్చోబెట్టింది. నేను వాకిట్లో నిలబడ్డాను. లోపలికి పోవడానికీ, అక్కడే ఉండడానికీ సమానమైన కారణాలున్నాయి.

"ఏం బావా, ఇంకా ఉన్నావా?" అన్నాడు.

"నీ కూతురు గోడ మీద పడేస్తే తప్ప ఉంటాను."

"అది పడేస్తే చక్కగా పడేస్తుంది. పనితనం ఉన్న పిల్ల." కొత్త దూలం రెండు ముక్కలు కలిసే అతుకు దగ్గరకు కుర్చీ జరిపించుకుని, బొటనవేలి గోటిని గీత వెంట జరిపాడు. "ఇందులో పోస్టుకార్డు దూరుతుంది."

"నీ గోరే దూరట్లేదు నాన్నా, పోస్టుకార్డు ఎక్కణ్ణుంచి దూరుతుంది?" అంది థర్జా.

"నా గోరు లావు."

"నీ నోరు కూడా," అని చీలలు తేవడానికి వ్యాను దగ్గరకు పోయింది.

ఇద్దరమే మిగిలాం. ముసలివాళ్లిద్దరు ఒక గోడను చూస్తూ ఉంటే దూరం నుంచి స్నేహితుల్లా కనబడతారనుకుంటాను.

"చదివావా?" అన్నాడు.

"ఏది?"

"మూడోది."

"నా కళ్లజోడు..."

"నీ ముక్కు మీదే ఉంది బావా."

కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాను.

"ఎందుకు రాశావు?" అన్నాను. "నా మీద సాక్ష్యమా?"

"నీ మీదా?" నవ్వబోయి దగ్గాడు. "నిన్ను ఎవడు తలుచుకున్నాడు? ఎప్పుడో ఒకరోజు ఎవడో వడ్రంగి ఈ గోడ విప్పుతాడు. సిమెంటు చూసి, ఏ వెధవ వేశాడ్రా ఇది అంటాడు. వాడికి చెప్పుకున్నాను. మా వాళ్లు అందరూ రాసేవాళ్లే. తప్పు పని చెయ్యాల్సొస్తే రాసి మరీ మూసేవాళ్లు. విప్పేది నా కూతురే అవుతుందని నాకేం తెలుసు?"

"గేటు దగ్గర నేనన్నప్పుడు ఎందుకు చెప్పలేదు?"

గోటిని అతుకు వెంట మళ్లీ జరిపాడు. వినబడలేదేమో అనుకున్నాను.

"ఆవేళ నీకు ఎవరో ఒకరు కావాలి. నీ మొహం చూశాను. నన్నే పెట్టుకోనిచ్చాను. ఏడాది పోతే మానేస్తావనుకున్నాను బావా." గొట్టం సర్దుకున్నాడు. "నువ్వు అచ్చేయించావు."

లోపల టీ చల్లారిపోతోందని చెప్పాను. 

పోయేముందు నట్టిల్లు చూస్తానన్నాడు. థర్జా ఒక పక్క, నేనొక పక్క పట్టుకున్నాం. తల వెనక్కి వాల్చి ఏడో చోట ఉన్న నాలుగో అంకె వంపుకొయ్యను చూశాడు.

"ఇంకా ఉన్నావా దొంగా," అన్నాడు దానితో. తరవాత నాతో, "చూశావా, సర్దిచెక్కి పెట్టాడు గాని, అంకె చెరపలేదు. ఒక్క తోపు తోస్తే పోయేది. ఉంచాడు."

చెయ్యి నా మోచేతి మీద ఉంది. ఏమీ బరువు లేదు.

9 ఆగస్టు

పుస్తకం ప్రూఫులు వచ్చాయి. సెప్టెంబరు మూడులోపు పంపాలి. అచ్చుకు తరవాత వారం, జనం వచ్చేది ఆ శనివారం.

పదకొండో పేజీ మార్చాను. "1963లో, ఆ కాలపు అలవాటు ప్రకారం, పడమటి గోడకు సిమెంటు వేయడం జరిగింది." ఎవరి పేరూ లేదు. ఎవరికీ బాధ లేదు.

12 ఆగస్టు

"జరిగింది." ముప్పై నాలుగేళ్లు పిల్లల వ్యాసాల్లో ఈ మాట కనబడితే ఎర్ర సిరాతో ఎవరు చేశారు అని పక్కన రాసేవాణ్ణి.

15 ఆగస్టు

"అప్పటి నిపుణుల సలహాలను నమ్మి ఇంటివారు..."

నమ్మింది ఇంటివారు కాదు. ఇంటావిడ నమ్మలేదు.

19 ఆగస్టు

వాక్యం మొత్తం తీసేశాను. పేజీ చక్కగా ఉంది. కింద కొంచెం తెల్లచోటు మిగిలింది, దానిలో పూల గీత వేయిస్తే సరిపోతుంది. సిద్ధం.

కవరు అంటించి బల్ల మీద పెట్టాను.

23 ఆగస్టు

లెన్‌ను ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేశారట. బాగయి కాదు. థర్జా చీల దిగగొడుతూ చెప్పింది. ఐదు దెబ్బలకు దిగే చీలను పదకొండు దెబ్బలు కొట్టింది.

కవరు బల్ల మీదే ఉంది.

30 ఆగస్టు

చట్రం అయిపోయింది. జాకీలు దించారు. ఇల్లు కొత్త దూలం మీద కూర్చుంది. పడమటి గది తలుపు పట్టింది. లోపలికి పోయి వేసి చూశాను, తీసి చూశాను. చిన్నపిల్లవాడిలా చాలాసార్లు.

రేపు చెక్క బద్దలు బిగించి సున్నం మొదలు. థర్జా నాలుగో కంబం మీద తన పేరూ, తేదీ, 'సున్నం' అనీ గీసి, ఉలి నాకు ఇచ్చింది.

"మూసేముందు రాసేవాళ్లు రాయాలి మాస్టారూ. మా పద్ధతి."

మూడో కంబం దగ్గర నిలబడ్డాను. లెన్ అక్షరాల కింద జానెడు ఖాళీ ఉంది. రెండు మాటలకు సరిపోతుంది. 'నిజమే, చెప్పాడు.' అంతే. ఉలి మొన ఆనించాను కూడా. ఎంత హాయిగా ఉంటుందో అనిపించింది. సమాధి లోపలివైపు పశ్చాత్తాపం చెక్కించుకుని బయటివైపు విజయాలు చెక్కించిన రాజుల గురించి చదివాను. చదివినప్పుడు నవ్వుకున్నాను.

థర్జా వెనక నుంచి చూస్తోంది.

"గోడ లోపల రాస్తే నాన్న ఎలా చదువుతాడు?" అంది. కోపంగా కాదు. నిజంగానే అడిగినట్టు.

ఉలి తిరిగి ఇచ్చేశాను. ఏమీ గీయలేదు. చిన్న చుక్క పడింది, ఆనించిన చోట.

1 సెప్టెంబరు

కవరు చింపాను. పూల గీత కొట్టేశాను.

"1963 సెప్టెంబరులో ఈ ఇంటి యజమాని ఆంబ్రోస్ కెరిడ్జ్, సున్నమే వేయాలని లెన్ బోరెట్ మూడుసార్లు చెప్పినా, తన భార్య హెస్టర్ చెప్పినా వినకుండా, పడమటి గోడకు సిమెంటు వేయించాడు. గోడ పాడైంది అందువల్లనే. గది పాడైంది అందువల్లనే. ఈ పుస్తకం మొదటి రెండు ముద్రణల్లో ఈ పేజీ మీద లెన్ బోరెట్ గురించి ఉన్నది అబద్ధం. అబద్ధమని తెలిసే రాశాను."

అందమైన వాక్యాలు కావు. ఒక నకలు తీసుకుని పోస్టు చేశాను. డబ్బాలో పడిన చప్పుడు విని, చెయ్యి లోపలికి పెట్టి చూశాను. అందలేదు.

2 సెప్టెంబరు

లెన్ ఇంటికి వెళ్లాను. వాళ్ల వీధి నాకు తెలియదు. ఇదే ఊళ్లో ఉంటూ ఇల్లు ఎక్కడని ఒకావిడను అడగవలసి వచ్చింది. ఆ ఒకావిడ మిసెస్ థర్కెటిల్. దగ్గరుండి గేటు దాకా తీసుకువెళ్లింది. ఓడల గురించి ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు.

థర్జా తలుపు తీసి పక్కకు తప్పుకుంది. మంచం కిటికీ పక్కన వేశారు. మొహం ఇంకా చిన్నదైంది, ముక్కు మిగిలింది.

"పుస్తకం మూడో ముద్రణ," అన్నాను. "పదకొండో పేజీ మారింది. పంపేశాను. చదవనా?"

"నా కళ్లజోడు దొరకట్లేదు," అన్నాడు. "నువ్వే చదువు."

చదివాను. బడిలో ముప్పై నాలుగేళ్లు గట్టిగా చదివినవాణ్ణి, రెండో వాక్యంలో తడబడి, మళ్లీ అందుకున్నాను. ఎలాగో పూర్తి చేశాను.

"వినబడలేదు బావా," అన్నాడు.

ఈసారి మంచానికి దగ్గరగా కుర్చీ లాక్కుని చదివాను. ప్రతి మాటా విడివిడిగా. అతను కప్పు వైపు చూస్తున్నాడు. థర్జా కిటికీ వైపు తిరిగి నిలబడింది.

"ఇంకోసారి," అన్నాడు.

మూడోసారి కాగితం చూడకుండా చెప్పాను. హెస్టర్ పేరు దగ్గర అతని పెదవులు కదిలాయి. అయిపోయాక కాగితం మడిచాను.

"ఆఁ," అన్నాడు. "ఇప్పుడు వినబడింది."

కళ్లు మూసుకున్నాడు. నేను లేవబోయాను. థర్జా అటు తిరిగే, ముక్కు చీదుకుని, "కూర్చో మామయ్యా, టీ పెడతాను," అంది.

3 సెప్టెంబరు

కొత్త సున్నాన్ని ఎండకు వదలకూడదట, తొందరగా ఆరితే పగులుతుందట. పడమటి గోడకు గోనెలు వేలాడదీసి వెళ్లారు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తడిపాను. సాయంత్రం ఎండ ఆ వైపే పడుతుంది. మళ్లీ వెళ్లి తడపాలి.